చావింట్లో మోగిన గంట

ఖమ్‌లా ముసలమ్మ పోయిందని నోంగ్ ఫై ఊరు ఊరంతా నమ్మింది. నమ్మకపోవడానికి ఏముంది? ఇంటి ముందు షామియానా లేచింది. విహారం నుంచి భిక్షువులు వచ్చి చాపల మీద కూర్చున్నారు. అద్దం మూత ఉన్న చలిపెట్టెలో, చుట్టూ రంగురంగుల బుల్లి దీపాలు మిణుకుతుంటే, ముసలమ్మ బతికుండగా ఏనాడూ పడుకోనంత దర్జాగా పడుకుంది. అందరూ నమ్మారు. నమ్మనివాడు ఒక్కడే. వాడు ఆవిడ అల్లుడు.

అల్లుడి పేరు హెన్నింగ్. డెన్మార్క్ నుంచి వచ్చిన తెల్లాయన. ఊళ్లోవాళ్లకి అంత పేరు నోరు తిరక్క హెన్ అని సరిపెట్టుకున్నారు. అయినా వాడి సంగతి చెప్పుకునే ముందు మాలై సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ ఫరంగుల, అంటే తెల్లవాళ్ల, కథలు ఎవరు చెప్పినా వాళ్ల దగ్గరే మొదలెడతారు. పాపం మోసపోయాడు, పాపం ఇల్లు గుల్ల చేసుకున్నాడు అంటూ. అవతల మనిషికి పేరు కూడా ఉండదు. బార్ పిల్ల అంటారు, అంతటితో సరి.

మాలై ఖమ్‌లాకి ఒక్కతే కూతురు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పందొమ్మిదో ఏట లారీ తోలేవాడికిచ్చి చేశారు. ఆ మహానుభావుడు ఒకసారి సరుకేసుకుని దక్షిణానికి పోయాడు. సరుకు చేరిందిగాని మనిషి తిరిగి రాలేదు. రెండేళ్లు ఎదురుచూసి, ఊళ్లో చాలామంది ఆడపిల్లల్లాగే తనూ సముద్రం ఒడ్డున ఫరంగులు దిగే పటాయాకి బస్సెక్కింది. అక్కడేం పని అని మా రొయెత్ జిల్లాలో ఎవరూ గుచ్చిగుచ్చి అడగరు. హోటల్లో అంటారు. అడిగినవాళ్లకీ తెలుసు, చెప్పినవాళ్లకీ తెలుసు.

పని చేసింది మూడు చేపలు అనే బార్లో. మగాళ్ల పక్కన కూర్చోవడం, వాళ్ల జోకులకి నవ్వడం, తాగించడం, బేరం కుదిరితే వెంట వెళ్లడం. దీన్ని ముసుగులేసి చెప్పడం మాలైకే ఇష్టం ఉండదు. అబద్ధాలు ఆడిందా అంటే ఆడింది. నువ్వు అందగాడివంది, నీ పాట బాగుందంది, నిన్ను మర్చిపోనంది. వచ్చినవాళ్లు కొనుక్కున్నదే ఆ అబద్ధాలు. పచారీ కొట్టువాడు పప్పు అమ్మినట్టు అమ్మింది. పప్పు ఇంటికి తెచ్చుకున్నట్టు అబద్ధాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకోలేదు.

ఆ బార్లో కౌంటరు మీద ఒక ఇత్తడి గంట వేలాడుతుంటుంది. ఎవడికైనా హుషారు ఎక్కువై తాడు లాగి గంట కొట్టాడంటే, అక్కడున్న అందరికీ వాడి ఖర్చున ఒక్కో గ్లాసు. గంట మోగగానే ఆడపిల్లలంతా చేతులెత్తి "ఓయ్ ఓయ్ ఓయ్" అని కేకలు పెట్టాలి. అదీ పనిలో భాగమే. గంట తోమడం మాలై వంతు. రోజూ బార్ తెరిచే ముందు స్టూలెక్కి చింతపండుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచేది. ఒకసారి చేయి జారి గంట కింద పడింది. అంచున పగులిచ్చింది. అప్పటినుంచి దాని మోత మారిపోయింది. నిండుగా మోగాల్సింది కాస్తా జలుబు చేసినవాడు దగ్గినట్టు మోగి ఆగిపోతుంది. ఓనరు తిట్టాడుగాని కొత్తది కొనలేదు.

అదే కౌంటరు దగ్గర ఒక జోకు తిరుగుతుండేది. పాత ఫరంగులు కొత్త ఫరంగులకి చెప్పే జోకు. "జాగ్రత్తరోయ్, ఈ పిల్లల అమ్మలు ఏడాదికి నాలుగుసార్లు చస్తారు." చావు ఖర్చులకని డబ్బు గుంజుతారని ఎద్దేవా చేసి, కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. మాలై కూడా నవ్వేది. నవ్వకపోతే ఎలా, అది ఉద్యోగం. లోపల మాత్రం అమ్మ గుర్తొచ్చి నాలుక కరుచుకునేది.

హెన్నింగ్ అక్కడికే వచ్చాడు. గాలిమరలు బిగించే పనివాడు, పెళ్లాం విడాకులిచ్చి పోయింది, మనిషి నెమ్మది. జోకులు వేసేవాడు కాదు. మూడోసారి వచ్చినప్పుడు "నాతో ఉండిపో" అన్నాడు. మాలై అప్పుడు చేసిన పని ఆ వీధిలో ఎవరూ చెయ్యరు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. లారీవాడి సంగతి, బార్లో ఎన్నేళ్లున్నదీ, ఎంతమంది ఫరంగులు "నాతో ఉండిపో" అన్నదీ, అన్నీ. హెన్నింగ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇంత నిజం ఎవరూ చెప్పలేదు నాకు" అన్నాడు. ఆ మాటకే పడిపోయింది పిచ్చిది.

బార్ మానేసి ఊరికొచ్చేసింది. ఊళ్లో పెద్దల ముందు తెల్ల దారాలు మణికట్టుకి కట్టించుకుని మొగుడూ పెళ్లాం అయ్యారు. ఏడాదికి రెండు విడతలు హెన్నింగ్ వచ్చేవాడు, మిగతా రోజులు ఫోను. మాలై ఇంటి వెనక సిమెంటు ఒరల్లో కీచురాళ్లు పెంచడం మొదలెట్టింది. వేయించి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి సంతలో అమ్మితే నిమిషాల్లో అయిపోయేవి. వాడి సొమ్ము మీద పడి తినాల్సిన గతి తనకి లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

నిజం చెబితే నమ్ముతారనుకుంది. జరిగింది తలకిందులు. నిజం చెప్పిందాన్ని పట్టుకుని రోజూ పరీక్షలు పెట్టడం మొదలెట్టాడు.

వేళాపాళా లేకుండా వీడియో ఫోను వచ్చేది. "ఎక్కడున్నావ్?" ఇంట్లో. "ఫోను తిప్పు." తిప్పేది. "తలుపు వెనక చూపించు." చూపించేది. "ఆ చప్పుడేంటి?" కీచురాళ్లు. "మగాడి గొంతులా ఉంది." కీచురాళ్లకి మగాడి గొంతేంటి నా తలకాయ అనుకుంటూ ఒరల దగ్గరికి వెళ్లి మూత తీసి చూపించేది. ఇంత చూసే మనిషి తన మొహం మాత్రం ఎప్పుడూ చూపించేవాడు కాదు. "నా కెమెరా పాడైంది" అనేవాడు. మూడేళ్లుగా పాడైంది ఆ కెమెరా. డెన్మార్క్‌లో ఫోన్లు బాగుచేసేవాడే లేడు కాబోలు.

ఒకసారి సంతలో ఒక ఫరంగు వచ్చి పొట్లం కీచురాళ్లు కొని, హోటల్ గదికి రమ్మన్నాడు. మాలై వాడి చేతిలో పొట్లం లాక్కుని మరీ తిట్టి పంపింది. ఆ సాయంత్రం హెన్నింగ్‌కి చెబితే వాడు పకపకా నవ్వాడు. "వాడు నా స్నేహితుడే. నేనే పంపాను. నువ్వు పాసయ్యావ్!" అన్నాడు. పాసయిందట! బడిపిల్లకి చెప్పినట్టు.

"తన్నాల్సింది వాడిని," అంది బున్‌మా పిన్ని ఆ సంగతి విని. బున్‌మా ఖమ్‌లాకి చెల్లెలు, పక్కిల్లే. నోరు పెద్దది, మనసూ పెద్దదే. "నీకు సిగ్గులేదటే? ఎందుకు పడుతున్నావ్ ఇవన్నీ?"

"నేను చేసొచ్చిన పని అలాంటిది పిన్నీ. వాడికి అనుమానం ఉండదా మరి?"

"మరి వాడు చేసొచ్చిన పనో? నువ్వు ఆ బార్లో ఉన్నప్పుడు వాడు గుళ్లో ఉన్నాడా? అదే బార్లో ఎదురుగా కూర్చున్నాడు కదే!"

అమ్మినదాని మీద అనుమానం గాని కొన్నవాడి మీద ఉండదు. ఈ లెక్క ఎవడు పెట్టాడో గాని మాలై కూడా అదే లెక్కలో బతికింది. అనుమానం తనకి పడాల్సిన శిక్ష అనుకుంది. మూడేళ్లు తలుపు వెనకా మంచం కిందా చూపిస్తూ గడిపింది.

ఇంత ఓర్చుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది వాళ్లమ్మ కారణం.

ఖమ్‌లాకి కొడుకు లేడు. మా వైపు మనిషి పోతే, దహనం రోజున ఇంటి మగవాడెవడో ఒకడు గుండు కొట్టించుకుని, కాషాయం కట్టి, శవపెట్టెకి కట్టిన తెల్లదారం పట్టుకుని ముందు నడవాలి. ఆ ఒక్క రోజు భిక్షువుగా ఉండి, ఆ పుణ్యం పోయినవాళ్లకి ఇవ్వాలి. కొడుకులున్న ముసలమ్మలు ఈ విషయంలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు. ఖమ్‌లా మాత్రం ఎవరింట్లో చావైనా వెళ్లొచ్చి, "నా నిప్పు ముందు ఎవరు నడుస్తారే?" అని గొణిగేది.

కిందటి కొత్త సంవత్సరం పండక్కి హెన్నింగ్ ఊళ్లోనే ఉన్నాడు. ముసలమ్మ వాడి మణికట్టుకి దారం కడుతూ అదే మాట అంది. మాలై సగం వాడి భాషలో, సగం తన భాషలో విడమరిచి చెప్పింది. హెన్నింగ్ తన బట్టతల నిమురుకుని, "అత్తా, గుండు సగం దేవుడే కొట్టేశాడు. మిగతా సగం నీ కోసం నేను కొట్టించుకుంటా" అన్నాడు. ముసలమ్మ నవ్విన నవ్వుకి నోట్లో తమలపాకు ఒళ్లో పడింది. మర్నాడు వీధి వీధంతా తిరిగి చెప్పింది, "నా నిప్పు ముందు నడిచేవాడు దొరికాడు" అని. తర్వాత ఎవరింట్లో చావైనా గొణుగుడు లేదు.

ఒకరోజు పొద్దున్న గంజి తాగి గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది.

ఏడుపు కాస్త సర్దుకోగానే మాలై ముందు చేసిన పని హెన్నింగ్‌కి ఫోను. "అమ్మ పోయింది. ఎల్లుండి దహనం. గుండు నీది కదా, వస్తావా?"

"ఎంత కావాలి?" అన్నాడు.

"నాకేం వద్దు. నువ్వు రావాలి."

"పనిలో ఉన్నాను. సాయంత్రం మాట్లాడదాం. వీడియోలో."

ఓదార్పు మాట ఒక్కటి లేదు. దిగ్భ్రమలో ఉన్నాడేమో అని సరిపెట్టుకుంది మాలై. డబ్బు వద్దంటే అంతకన్నా పెద్ద ఎత్తేదో వేసిందని వాడి అనుమానం ఇంకా ముదిరిందని ఆమెకి తట్టనే లేదు.

ఆ సాయంత్రం ఫోను రాలేదు. మర్నాడు, దహనానికి ముందురోజు, సాయంత్రం వచ్చింది. భిక్షువులు మంత్రాలు చదివి లేచారు. ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు. చావిల్లు కళకళలాడుతోంది. చావింటికి మేం పెట్టుకున్న పేరే మంచిల్లు. శవాన్నీ, ఏడ్చేవాళ్లనీ ఒంటరిగా వదలకూడదు కాబట్టి ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఒక మూల పేకాట. ఇంకో మూల బియ్యం సారా. లౌడు స్పీకరులో వెదురు బూర ఖేన్ పాట. కుర్రాళ్ల నవ్వులు, వంటల దగ్గర ఆడాళ్ల కబుర్లు. ఎంత గోల ఉంటే పోయినవాళ్లకి అంత మర్యాద.

మాలై పెట్టె పక్కన కూర్చుని ఫోను ఎత్తింది. తెర మీద వాడి వైపు ఎప్పటిలాగే నలుపు.

"ఎక్కడున్నావ్?" అన్నాడు హెన్నింగ్.

"అమ్మ దగ్గర. ఇంట్లో."

"ఆ పాటలేంటి? ఆ నవ్వులేంటి?"

"చావింట్లో అంతే హెన్. జనం వచ్చారు."

"ఫోను తిప్పు."

తిప్పింది. పేకముక్కలు విసురుతున్న చేతులు, గ్లాసులు, అరుపులు, మిణుకుమనే రంగుదీపాలు. అవన్నీ వాడికి ఎలా కనిపించాయో ఆమెకి వాడి గొంతులో వినపడింది.

"చావింట్లో పేకాడతారా? తాగుతారా? ఏ బార్లో ఉన్నావ్? నిజం చెప్పు."

"బారేంటి? అదిగో పెట్టె. అదిగో అమ్మ ఫొటో."

"ఫొటో ఎవరైనా పెట్టుకోవచ్చు. మొహం చూపించు."

"ఎవరి మొహం?"

"మీ అమ్మది. పెట్టె లోపల. చూపిస్తే నమ్ముతా, టికెట్ కొంటా. చూపించకపోతే ఇంతటితో సరి."

ఏడాదికి నాలుగుసార్లు చచ్చే అమ్మలు. ఆ జోకు, ఆ కౌంటరు, తన నవ్వు, అన్నీ ఒక్కసారి మాలై చెవుల్లో మోగాయి. అయినా లేచింది. దహనం రేపే. నడిచేవాడు లేకపోతే ముసలమ్మ వీధంతా తిరిగి చెప్పుకున్న మాట ఏం కాను? పెట్టె మూత మీద పరిచిన బంతిపూల దండలు ఒక్కొక్కటే పక్కకి జరపసాగింది. అద్దం కనపడింది. అద్దం కింద అమ్మ గడ్డం కనపడింది.

బున్‌మా పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఒసే, ఏం చేస్తున్నావే?"

"చూపించమంటున్నాడు పిన్నీ. నమ్మడట."

"శవాన్ని బేరానికి పెట్టావటే? సంతలో చేపా, మొప్పలెత్తి చూపించడానికి?"

మాలై చెయ్యి దండ మీదే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడు, ఫోనులో, వాడి వైపు నుంచి ఒక మోత వచ్చింది. జలుబు చేసినవాడు దగ్గినట్టు మోగి ఆగిపోయిన ఇత్తడి గంట. వెంటనే దూరంగా ఆడపిల్లల కేకలు. ఓయ్ ఓయ్ ఓయ్.

పదకొండేళ్లు తోమిన గంట అది. నిద్దట్లో వినిపించినా పోల్చుకుంటుంది.

"ఏంటా చప్పుడు?" అంది మాలై.

"ఏ చప్పుడు? ఏం లేదు. భోంచేస్తున్నా, ఇంట్లో. ఇక్కడ మధ్యాహ్నం కదా. నువ్వు మాట మార్చకు, మొహం చూపించు."

మాలై ఫోను కట్టేసింది. దండలు మళ్లీ ఎక్కడివక్కడ పరిచింది. అమ్మ గడ్డం కనపడకుండా సర్దింది. తర్వాత బున్‌మా చెవిలో, "వాడు పటాయాలో ఉన్నాడు. మా బార్లోనే" అంది. తనని బార్లో ఉన్నావా అని అడుగుతున్నవాడు బార్లో కూర్చుని అడుగుతున్నాడు! వాడి మూడేళ్ల పాడైన కెమెరా ఎక్కడెక్కడ పాడైందో ఇప్పుడర్థమైంది.

మర్నాడు పొద్దెక్కాక, వంటల హడావుడిలో ఉండగా, ఇంటి ముందు కారు ఆగింది. నల్లచొక్కా వేసుకుని, చేతిలో పెద్ద పూలచక్రంతో హెన్నింగ్ దిగాడు. ఊళ్లో కుర్రాళ్లు ముందురోజు సాయంత్రమే చావింటి ఫొటోలు ఫోన్లలో పెట్టారు. అవి చూసి నమ్మాడట. ఊరు ఒక్క ఉదుటున లేచింది. "అల్లుడొచ్చాడు! సముద్రాలు దాటి రాత్రికి రాత్రి వచ్చాడు!" ఒకావిడ నీళ్లిచ్చింది, ఒకాయన కుర్చీ వేశాడు. పెట్టె ముందు మోకాళ్ల మీద కూలబడి హెన్నింగ్ వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు నిజమే. అది నిజమైనందుకే మాలైకి ఒళ్లు ఇంకా మండింది. ఇంత ఏడవగలిగినవాడు నిన్న ఒక్క మాట నమ్మలేకపోయాడా?

"క్షమించు," అన్నాడు ఆమె చెయ్యి పట్టుకుని. "నీ ఫోను పెట్టెయ్యగానే బయల్దేరా. విమానం దిగి నేరుగా వస్తున్నా. గుండు నాదే."

వాడి ముక్కు మీద ఎండకి కమిలిన చర్మం పొరలుగా లేస్తోంది. డెన్మార్క్‌లో మంచు పడే రోజులివి.

బున్‌మా మాలైని వంటపాక వెనక్కి లాక్కెళ్లింది. "నోరు మూసుకో. నాకూ మండుతోంది. కానీ ఆలోచించు. ఊరంతా మురిసిపోతోంది. అక్క కోరిక తీరుతుంది. ముందు గుండు కొట్టించుకోనీ, దారం పట్టుకుని నడవనీ. బూడిద చల్లారాక ఇద్దరం కలిసి తన్ని తగిలేద్దాం. నేనే చీపురు తెస్తా."

"అమ్మ ముందు అబద్ధం నడుస్తుందా పిన్నీ?"

"ఎవరికి తెలుస్తుందే?"

"నాకు తెలుసు."



షామియానా కింద పెద్ద భిక్షువు కూర్చున్నారు. ముందు ఇత్తడి గిన్నెలో నీళ్లు, మంగలికత్తి. హెన్నింగ్ చొక్కా విప్పి తల వంచుకుని కూర్చున్నాడు. చుట్టూ ఊరు. పక్కనే, బొప్పాయి కాయలు తరుగుతూ పాతికమంది ఆడవాళ్లు. మాలై వచ్చి భిక్షువుకి మూడుసార్లు మొక్కి, "భంతే, కత్తి పెట్టేముందు ఈయన్ని ఒక్క మాట అడగనివ్వండి" అంది.

"అడగమ్మా," అన్నారాయన.

"హెన్, నిన్న సాయంత్రం నాతో మాట్లాడినప్పుడు ఎక్కడున్నావ్?"

"ఇంట్లో. డెన్మార్క్‌లో. చెప్పాను కదా." చెప్పిన భాష వచ్చీరానిదైనా డెన్మార్క్ మాట అందరికీ అర్థమైంది.

"భోంచేస్తున్నావ్."

"అవును."

"అమ్మ పెట్టె ఇదిగో. దీని ముందు చెప్పు. నువ్వు తింటుంటే గంట మోగింది. ఏం గంట?"

హెన్నింగ్ కళ్లు అటూ ఇటూ తిరిగాయి. "చర్చి," అన్నాడు. "మా ఇంటి పక్కన చర్చి ఉంది."

"మీ చర్చిలో గంట కొడితే ఆడపిల్లలు ఓయ్ ఓయ్ ఓయ్ అంటారా?"

బొప్పాయి తరుగుతున్న కత్తులు ఠక్కున ఆగిపోయాయి. ఆ పాతికమందిలో సగంమంది హోటల్లో పనిచేసి వచ్చినవాళ్లే. ఆ కేక ఏమిటో, ఆ గంట ఏమిటో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకావిడ మాత్రం, "అబ్బో, భలే చర్చి! ఆ చర్చిలో నేనూ ఆరేళ్లు పూజ చేశా" అంది. ఎవరూ నవ్వలేదు.

"దాని అంచు పగిలి ఉంటుంది హెన్," అంది మాలై. ఇప్పుడు గొంతు లేచింది. "దాన్ని పగలగొట్టిందీ నేనే, చింతపండేసి తోమిందీ నేనే. నా చెవులకి నువ్వు చర్చి చూపిస్తావా?"

హెన్నింగ్ మొహం ఎర్రబడి, పాలిపోయింది. "వారం క్రితమే వచ్చా. స్నేహితులు పిలిచారు. ఊరికే... నీకు చెబితే కోపం వస్తుందని చెప్పలేదు. అంతే మాలై. ఇంకేం లేదు."

"నాకు కోపం వస్తుందని నువ్వు అబద్ధం చెప్పావు. నేను నిజం చెబితే మా అమ్మ శవం చూపించమన్నావు! మూడేళ్లు మంచం కింద చూపించాను నీకు. తలుపు వెనక చూపించాను. కీచురాళ్లని చూపించాను! నా నిజానికి ఎన్ని సాక్ష్యాలు కావాలి నీకు? నీ అబద్ధానికి మాత్రం నీ నోరు చాలా? మీరు అబద్ధమాడితే సరదా, మేం నిజం చెప్పినా నాటకం. మేం చేసిన పని మీ కోసం చేసిందే కదరా!"

ఊళ్లో ఇంత గొంతు ఆమెకి ఉందని ఎవరికీ తెలీదు. చావింట్లో మొగుణ్ణి 'కదరా' అన్నందుకు ఎవరూ తప్పుపట్టలేదు. మా వైపు మనుషులు నలుగురిలో గొంతు లేపరు. లేపినదాన్ని చూసి మామూలుగా తల తిప్పుకుంటారు. ఆ రోజు ఎవరూ తిప్పుకోలేదు.

"కోపం తప్పు అనను," అన్నారు పెద్ద భిక్షువు. "కానీ అమ్మాయ్, మరి నిప్పు ముందు ఎవరు నడుస్తారు?"

"నేను నడుస్తాను భంతే. ఆడదాన్ని, కాషాయం నాకు తగదు. తెల్లబట్ట కట్టొచ్చు కదా?"

"కట్టొచ్చు. గుండు కూడానా?"

మాలై జుట్టు నడుం దాకా ఉంటుంది. పటాయాలో మగాళ్లు ముందు ఆ జుట్టు చూసే పిలిచేవాళ్లు. హెన్నింగ్ వచ్చినప్పుడల్లా దాన్ని చేత్తో చుట్టుకుని, దీన్ని ఎప్పుడూ కత్తిరించొద్దు అని ఒట్టు వేయించుకునేవాడు.

"గుండు కూడా," అంది మాలై.

హెన్నింగ్ "వద్దు, నేను..." అంటూ లేవబోయాడు. బొప్పాయి కత్తి పట్టుకునే ఒకావిడ లేచి వాడి చొక్కా వాడి చేతికిచ్చింది.

భిక్షువు ఆడమనిషిని తాకరాదు. మంగలికత్తిని ఒక గుడ్డ మీద నేల మీద పెట్టారు. బున్‌మా తీసుకుంది. అక్క కూతురి తల ఒళ్లో పెట్టుకుని, ఏడుస్తూ, తిడుతూ, పాయ పాయా తామరాకులో వేస్తూ గొరిగింది. కనుబొమ్మలు కూడా తీసేసింది. "కదలకే, చెవి తెగుతుంది. లారీ వెధవా, గాలిమర వెధవా, ఇద్దరికి ఇద్దరూ దొరికారు నీకు" అంటూనే ఉంది. తెల్లబట్ట కట్టుకుని మాలై లేచి నిలబడితే అచ్చం ఖమ్‌లా వయసులో ఉన్నప్పటిలా ఉందని ముసలాళ్లు అనుకున్నారు.

తెల్లదారం పట్టుకుని ముందు నడిచింది. వెనక పెట్టె, దాని వెనక ఊరు. దారి పొడుగునా బున్‌మా పేలాలు చల్లింది. విహారంలో దహనపు గది చుట్టూ మూడుసార్లు తిరిగారు. హెన్నింగ్ పోలేదు. పూలచక్రం పట్టుకుని జనం చివర కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. ఎవరూ పొమ్మనలేదు. చావుకి వచ్చినవాణ్ణి పొమ్మనడం మాకు చేతకాదు.

నిప్పు పెట్టేముందు పెట్టె మూత తీస్తారు. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లతో చివరిసారి మొహం కడుగుతారు. తర్వాత అందరూ వరసగా వచ్చి చూసి, గంధపుచెక్కతో చేసిన పూవు ఒకటి పెట్టి వెళ్తారు. మాలై మెట్ల మీద నిలబడి, జనం తలల మీదుగా వాడిని చూసింది.

"హెన్, ఇలా రా," అని పిలిచింది.

జనం దారి ఇచ్చారు. వాడు ఒక్కో మెట్టూ ఎక్కాడు. మొహంలో ఆశలాంటిదేదో మెదిలింది పాపం.

మూత తీశారు. మాలై కొబ్బరినీళ్లు పోసి, అమ్మ మొహం నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా కడిగింది. తర్వాత పక్కకి జరిగింది.

"మొహం చూపించమన్నావుగా. చూసుకో. మా అమ్మ ఒక్కసారే చచ్చింది."

హెన్నింగ్ తల ఎత్తలేకపోయాడు. చూడలేదు, కదలలేదు. అక్కడే నిలబడిపోయాడు.

"చూడకపోతే జరుగు," అంది మాలై. "వెనకాల నమ్మినవాళ్లు నిలబడున్నారు."